తలకిందుల డ్యాం

"ఈ ఫొటో నువ్వే తీశావా జక్కయ్యా?"

"నేనేనండి. పొద్దున్నుంచీ అదేగా చెప్తన్నా. అన్నీ నేనే తీశా."

"ఎక్కడ నిలబడి?"

విజయపురి సౌత్ బస్టాండు పక్కన జక్కయ్య స్టూడియో. రోజూ గిరాకీలు కూర్చునే స్టూలు మీద ఇవాళ జక్కయ్యే కూర్చున్నాడు. నున్నగా దువ్విన తెల్లజుట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు. డిటెక్టివ్ అబ్దుల్ మజీద్ అతని ముందు ఫొటో చాచి పట్టుకున్నాడు.

నరసరావుపేట కోర్టు వీధిలో సొంత ఆఫీసు పెట్టక ముందు మజీద్ పోలీసు శాఖలో ఫొటోగ్రాఫరుగా పనిచేశాడు. శవాలు, వేలిముద్రలు, పగిలిన తాళాలు, అన్నీ తీసినవాడు. అలాంటివాడు కూడా ఈ ఫొటో మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

అందులో కూలి ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. తట్టలు బోర్లించి వాటిమీద కూర్చున్నారు. ఒకామె ఇంకొకామె తల దువ్వుతోంది. ఒకామె బిడ్డకు పాలిస్తోంది. ఒకామె పగలబడి నవ్వుతోంది. వాళ్ళ వెనక సగం లేచిన నాగార్జునసాగరం. రాతిగోడ మీద సరుగుడు కట్టెల వంతెనలు, ఆ వంతెనల మీద చీమల బారులా మనుషులు. ప్రతి చీమ నెత్తిమీదా ఒక రాయి.

"గుట్టమీద నిలబడి తీశానండి," అన్నాడు జక్కయ్య.

"గుట్టమీద నుంచి తీస్తే వీళ్ళ నడినెత్తులు కనపడాలి. ఇందులో కెమెరా వీళ్ళ కళ్ళకన్నా కిందుంది. తీసిన మనిషి వీళ్ళ ఎదురుగా నేలమీద చతికిలబడి కూర్చుంది."

"అయితే కూకునే తీసుంటా. అప్పటి సంగతులు ఎట్టా గుర్తుంటయ్యండీ?"

"బిడ్డకు పాలిస్తున్న తల్లి కొంగు కూడా సర్దుకోలేదు జక్కయ్యా. పరాయి మగాడు కెమెరా పట్టుకుని ఎదురుగా కూర్చుంటే పల్నాడు ఆడవాళ్ళు ఇట్టా నవ్వుతారా?"

మూలనున్న పేము కుర్చీలోంచి ఒక నవ్వు వినిపించింది.

"నీ తెలివి కోర్టులో పనికిరాదు మజీదూ. నవ్వులు సాక్ష్యం కావు."

అతను శివరామయ్య. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, గుంటూరులో ప్రైవేటు దర్యాప్తు ఏజెన్సీ నడుపుతున్నాడు. ఉద్యోగంలో ఉండగా మజీద్‌ని "బొమ్మలోడు" అని పిలిచేవాడు. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

ఇద్దరూ ఒకే పని మీద వచ్చారు, చెరో వైపు నుంచి.

నరసరావుపేట ప్రచురణకర్త అమరేశ్వరరావుకు పాత ఇనుము కొట్టులో ఒక రేకు పెట్టె దొరికింది. నిండా నెగటివ్‌లు. డ్యాం కట్టిన రోజుల్లో కూలీల బతుకంతా అందులో ఉంది. పెట్టెమీద పేరు లేదు, ఊరు లేదు. పుస్తకం వేస్తే దేశమంతా చూస్తుందని అమరేశ్వరరావుకు తెలుసు. తీసినవాళ్ళ అనుమతి లేకుండా వేయకూడదనీ తెలుసు. నాలుగేళ్ళ కిందట, అంటే ఎనభై నాలుగులో, చట్టంలో కొత్త సెక్షను ఒకటి వచ్చింది. అచ్చుకాని కృతి ఎవరిదో తెలియకపోయినా, వాళ్ళ ఆచూకీ దొరక్కపోయినా, ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేసి, ఢిల్లీలో కాపీరైట్ బోర్డు అనుమతి తీసుకుని ప్రచురించుకోవచ్చు. అమరేశ్వరరావు ప్రకటన వేశాడు. వచ్చినవాడు జక్కయ్య ఒక్కడే. అతని వెనక శివరామయ్య, శివరామయ్య వెనక మద్రాసు క్యాలెండర్ల కంపెనీ ఒకటి. హక్కులన్నీ ఆ కంపెనీకి రాసిస్తూ జక్కయ్య అప్పటికే సంతకం చేసేశాడు.

అందుకే అమరేశ్వరరావు మజీద్‌ని పంపించాడు. "తీసిన మనిషి నిజంగా జక్కయ్యే అయితే దణ్ణం పెట్టి ఊరుకుంటా. కాకపోతే అసలు మనిషిని వెతికిపెట్టు," అన్నాడు.

మజీద్ సంచీలోంచి ఒక నెగటివ్ తీసి లైటుకు అడ్డంగా పెట్టాడు.

"పోనీ ఇది చెప్పు. ఫిల్ము కడిగాక ఆరబెట్టడానికి దేంతో తగిలించావు?"

"దేంతో ఏందండీ, అందరూ తగిలించినట్టే. కొయ్య క్లిప్పులతో. అవుగో, తీగ మీదున్నయ్."

"ఈ పెట్టెలో ప్రతి నెగటివ్ అంచునా సన్నటి సూదిపోట్లున్నాయి. కొయ్య క్లిప్పు నొక్కుతుంది. పొడవదు."

జక్కయ్య శివరామయ్య వైపు చూశాడు. శివరామయ్య చూపు తిప్పుకున్నాడు.

"ఇంకో మాట చెప్పు. ఇందులో నీ స్టూడియో పరదా ముందు తీసినది ఒక్కటైనా ఉందా? పోనీ ఈ ఫొటోలో ఒక్క మనిషి పేరు చెప్పగలవా?"

జక్కయ్య తల దించుకున్నాడు. "నాకు బీపీ ఉందండీ. ఇంక నన్నేం అడగబాకండి," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

శివరామయ్య ముఖంలో ఓడిన జాడ ఏమీ లేదు. తాపీగా సిగరెట్టు ముట్టించాడు.

"సరే, జక్కయ్య కాదనుకుందాం. మరెవరు?"

"కనుక్కుంటాను."

"కనుక్కోలేవు. దొరకలేదని రాసిచ్చి ఇంటికి పో. మాకు అదీ మంచిదే. వారసుడుంటే వాడి దగ్గర కొంటాం. వారసుడే లేకపోతే మేమూ అదే సెక్షను కింద బోర్డుకు దరఖాస్తు పెట్టుకుంటాం. మీ పుస్తకం ముందొచ్చిద్దో, మా క్యాలెండరు ముందొచ్చిద్దో చూద్దాం."

"క్యాలెండర్లో ఏం వేస్తారు, ఈ ఆడవాళ్ళనా?"

"డ్యాం వేస్తాం. ఈళ్ళను కత్తిరిస్తాం. పాలిచ్చే ఆడదాన్ని గోడకు ఎవడు తగిలించుకుంటాడయ్యా?"

మజీద్ ఫొటోని జాగ్రత్తగా కవర్లో పెట్టాడు.

"ఒక్క సంగతి అడుగుతాను సీఐగారూ. కనుక్కోలేవని అంత గట్టిగా ఎట్టా చెప్తున్నారు?"

సిగరెట్టు పొగ వెనక శివరామయ్య కళ్ళు చిన్నవయ్యాయి.

*

సూదిమొన క్లిప్పులు మజీద్‌కు కొత్త కాదు. కేసుల కోసం ఆస్పత్రుల్లో ఎక్స్‌రే ఫిల్ములు తీసుకునేటప్పుడు చాలాసార్లు చూశాడు. స్టీలు చట్రానికి నాలుగు మూలలా సూది పళ్ళ క్లిప్పులుంటాయి. తడి ఫిల్ముని వాటితో పట్టి వేలాడదీస్తారు. అంటే ఈ నెగటివ్‌లు ఫొటో స్టూడియోలో ఆరలేదు. ఎక్స్‌రే గదిలో ఆరాయి.

మర్నాడు పొద్దున్నే బస్టాండులో నలుగురిని అడిగాడు. ప్రాజెక్టు కట్టే రోజుల్లో కూలీల డిస్పెన్సరీ డ్యాం ఎదురు వాలులో ఉండేదట. మూతపడి చాలాకాలమైంది. చౌకీదారు తాళం తీసిస్తూ ఒక మాట అన్నాడు.

"ఈ కొంపకు ఉన్నట్టుండి ఏం యోగం పట్టిందో! నిన్న సాయంత్రం గుంటూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి గోడౌనుకు అద్దెకు కావాలన్నాడండి. ఇయ్యాల సున్నం ఏయిస్తాడంట."

మజీద్ అడుగులు వేగమయ్యాయి.

డిస్పెన్సరీలో నాలుగు గదులు. మూడింటికి పైకప్పు జారిపోయింది. చివరి గది తలుపుమీద వెలిసిపోయిన ఎర్ర అక్షరాల్లో 'ఎక్స్‌రే' అని ఉంది. లోపలికి అడుగుపెట్టాడు. ఒకటే కిటికీ, దానికి దిట్టమైన చెక్క తలుపులు మేకులతో బిగించి ఉన్నాయి. గబ్బిలాల కంపు కొడుతోంది. గోడకు తుప్పుపట్టిన చట్రం ఒకటి ఇంకా వేలాడుతోంది. మజీద్ టార్చి వేసి చూశాడు. నాలుగు మూలలా సూది పళ్ళు.

సంచీలోని నెగటివ్ తీసి ఆ పళ్ళకు ఆనించాడు. పోట్లు సరిగ్గా కూర్చున్నాయి.

ఇక్కడే.

కిటికీ చెక్కలో చిన్న రంధ్రం ఉంది, అందులో కొయ్య బిరడా. బిరడాకు దారం కట్టి పక్కన మేకుకు ముడి వేశారు. చెదలు తొలిచిన రంధ్రానికి ఎవరూ దారం కట్టరు. ఎవరో కావాలని చేసుకున్నది. మజీద్ తలుపు మూశాడు, టార్చి ఆర్పాడు. బిరడా లాగాడు.

సన్నటి వెలుగు పోగు గదిని దాటి ఎదుటి గోడమీద పడింది. మొదట మసక తప్ప ఏమీ కనపడలేదు. మజీద్ కదలకుండా నిలబడ్డాడు. కళ్ళు చీకటికి అలవాటు పడేకొద్దీ గోడమీద ఏదో కదిలింది. నీలంగా, తెల్లగా.

తరవాత అతను చూసింది చూసినట్టుగా ఎవరికీ చెప్పలేకపోయాడు.

గోడమీద డ్యాం ఉంది, తలకిందులుగా. ఆకాశం నేలమీద పరుచుకుంది. ఆ ఏడు సెప్టెంబరు వరదకు గేట్లు ఎత్తేశారు. కృష్ణ గోడ అడుగు నుంచి లేచి పైకి పడుతోంది. తెల్లటి నీళ్ళు పైకి దూకి, పైన నురగలై విరుగుతున్నాయి. ఒక కొంగల బారు పాదాల దగ్గర ఈదుకుంటూ వెళ్ళింది. సినిమా కాదు, యంత్రం లేదు, బల్బు లేదు. చిటికెన వేలు పట్టని రంధ్రంలోంచి అంత ఏరు, అంత కొండ, అంత రాతికట్టడం గదిలోకి నడిచొచ్చి గోడమీద నిలబడ్డాయి.

మజీద్‌కు తెలియకుండానే చేయి గుండెమీదికి వెళ్ళింది. "యా అల్లా," అన్నాడు మెల్లగా.

గోడ దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు కనిపించాయి గీతలు.

సున్నం మీద పెన్సిలుతో గీసిన గీతలు, ఒకదాని కింద ఒకటి. పై గీత నది గర్భంలో పునాది. దాని కిందది కొంచెం లేచిన గోడ. ఇంకా కింద ఇంకొంచెం లేచిన గోడ. ఎవరో ఈ గదిలో నిలబడి, వెలుగు వేసిన బొమ్మ మీదే పెన్సిలు పెట్టి, డ్యాం పెరిగినప్పుడల్లా దాని అంచు గీసుకుంటూ వచ్చారు. అన్నిటికన్నా కింది గీత, ఇప్పుడు వెలుగులో కనిపిస్తున్న డ్యాం అంచు, ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి.

ప్రతి గీత పక్కనా ఉర్దూలో చిన్న అక్షరాలు. మజీద్ వేలితో నెలల పేర్లు కూడబలుక్కున్నాడు. రజబ్. షాబాన్. రంజాన్. కొన్ని గీతల దగ్గర ఇంకో ముక్క ఉంది. 'ఇవాళ వాన, పని లేదు.' 'ఇవాళ బావి దగ్గర ఆడపిల్ల పుట్టింది.' గీతలన్నీ మజీద్ భుజానికి దిగువనే ఆగిపోయాయి. గీసిన మనిషి పొట్టి. చేతిరాత పొందికైనది. కూలి గుడిసెల్లోకి చొరవగా వెళ్ళగల మనిషి. ఆడమనిషి, ముస్లిం ఇంటి మనిషి, ఎక్స్‌రే గదికి రాకపోకలున్న మనిషి.

అంతలో గోడమీది బొమ్మలోకి ఒక జీపు వచ్చింది. చక్రాలు పైకి పెట్టుకుని, దుమ్ము కిందికి వదులుతూ వచ్చి ఆగింది. తలకిందులుగా నలుగురు దిగారు. ముగ్గురి చేతుల్లో సున్నం బకెట్లు, కుంచెలు. నాలుగో మనిషి ముందు నడుస్తున్నాడు. ఆ నడక మజీద్‌కు తెలుసు.

తలుపు తోసుకుని శివరామయ్య లోపలికి వచ్చాడు.

"ఓహో, బొమ్మలోడు ముందే వచ్చాడే! పక్కకు జరుగు. ఈ గది నేను అద్దెకు తీసుకున్నా."

"ఏ కాగితం మీద?"

"కాగితం రేపొచ్చిద్ది. సున్నం ఇయ్యాల పడిద్ది." వెనక్కి తిరిగి, "ముందు ఆ ఎదుటి గోడకు కొట్టండిరా," అన్నాడు.

"నాలుగు గోడలుండగా ముందు ఆ గోడకే ఎందుకు? గీతలున్నాయని జక్కయ్య చెప్పాడా?"

"దిక్కూదివాణం లేని గోడయ్యా అది. ఎవరు గీశారో తెలవని గీతలు. దానికి నువ్వు వకాల్తా పుచ్చుకుంటావేంది?" శివరామయ్య మజీద్ భుజం పట్టుకుని తోశాడు. మజీద్ తూలి గోడకు ఆనుకున్నాడు, కానీ అక్కడి నుంచి కదల్లేదు.

ముందున్న పనివాడు కుంచె ముంచాడు. నలభైకి దగ్గర పడిన మనిషి, పేరు పిచ్చయ్య. కుంచె ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. గాలికి తలుపు సగం మూసుకుంది. బొమ్మ మళ్ళీ గోడమీద తేరుకుంది.

"ఒరేయ్, ఏందిరా చూస్తన్నావు? కొట్టు!"

పిచ్చయ్య బకెట్టు కింద పెట్టాడు. తలుపు పూర్తిగా మూశాడు. ఆరుబయట గేట్ల హోరు లోపలికి సన్నగా వినపడుతోంది. మిగతా ఇద్దరూ తలలు పక్కకు వంచి, తలకిందుల నీళ్ళను చూస్తూ నిలబడిపోయారు. శివరామయ్య కూడా ఒక్క క్షణం గోడ వైపే చూశాడు.

"ఇక్కడే అయ్యా," అన్నాడు పిచ్చయ్య. "సిన్నప్పుడు రాళ్ళమీద పడి నా చెయ్యి ఇరిగితే మా అమ్మ ఎత్తుకొచ్చింది. మిసను చూసి నేను ఏడుస్తంటే, ఎక్స్‌రే అమ్మ తలుపేసి ఈ గోడ సూపించింది. 'ఏడవబాక నాయనా, అదుగో మీ అమ్మ తలకిందులుగా నడుస్తంది సూడు' అంది. నిజంగానే మా అమ్మ ఉందయ్యా. తట్ట ఎత్తుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, ఆ కట్టెల మీద నడుస్తా ఉంది. నేను కల అనుకున్నా ఇన్నాళ్ళూ. ఎవురికీ చెప్పలా."

"ఎక్స్‌రే అమ్మ ఎవరు?" అడిగాడు మజీద్.

"మీరా సాహెబు గారి భార్య. ఆయన మిసను కాడ ఉండేవోడు. ఆమె పేరు జాన్‌బీ. గుడిసెల్లో కాన్పులకు సాయం వచ్చేది, మెళ్ళో డబ్బా కెమెరా ఏసుకుని. మాచర్లలో సుభానీ అని లేతు మిసను షాపు ఉందే, ఆళ్ళమ్మే. మొన్న పీర్ల పండక్కి కూడా చూశా."

శివరామయ్య ముఖం పాలిపోయింది. "నోర్ముయ్ రా!" అన్నాడు.

"నేను కొట్టనయ్యా ఈ గోడకు సున్నం," అన్నాడు పిచ్చయ్య. "మా అమ్మ నడిసిన గోడ ఇది."

మిగతా ఇద్దరూ కుంచెలు బకెట్లలో పడేశారు. శివరామయ్య బయటికి నడిచాడు. జీపు స్టార్టయిన చప్పుడు. గోడమీద అది చక్రాలు పైకి పెట్టుకుని పోలీసు స్టేషను రోడ్డు వైపు తిరిగింది.

పిచ్చయ్యను తలుపు దగ్గర కాపలా పెట్టి మజీద్ మాచర్ల బస్సు వైపు పరుగెత్తాడు.

*

సుభానీ షాపులో లేతు మిషను ఇనప రజను చిమ్ముతూ తిరుగుతోంది. వెనక వసారాలో, మంచంమీద కూర్చుని ఒక పొట్టి ముసలామె మినప్పప్పు ఏరుకుంటోంది. కళ్ళజోడు దారంతో చెవికి కట్టుకుంది. సుభానీ అనుమానంగా చూస్తూనే లోపలికి రానిచ్చాడు.

మజీద్ సలాం చేశాడు. ఏమీ అడగకుండా ఫొటో ఆమె చేతికిచ్చాడు.

చాటలో పప్పు అలాగే ఉండిపోయింది. జాన్‌బీ ఫొటోని ముక్కుకు దగ్గరగా తీసుకుంది. చాలాసేపు చూసింది. నవ్వుతున్న మనిషి ముఖం మీద వేలు పెట్టింది.

"సుబ్బులు," అంది. "దీని నవ్వు ఆపలేక ముందు రెండు ఫొటోలు పాడుచేసుకున్నా. చేతులు వణికినయ్. ఈ పాలిచ్చేది ఎల్లమ్మ. ఆ బిడ్డను నా చేతుల్తోనే బయటికి తీశా." తలెత్తింది. "కాగితం మీద చూట్టం ఇదే మొదలు. అప్పుడు నాకు కాగితం ఎక్కడిది? నెగటివ్‌లోనే చూసుకునేదాన్ని. నల్లవన్నీ తెల్లగా, తెల్లవన్నీ నల్లగా. ఇట్టా ఉంటదా ఇది!"

ఇన్ని వందల ఫొటోలు తీసిన మనిషి ఒక్కటి కూడా ఫొటోగా చూసుకోలేదు.

"ఖాలా," అని పిన్నిని పిలిచినట్టు పిలిచాడు. "కెమెరా ఎక్కడిది?"

"డాక్టరమ్మ బదిలీ మీద పోతా ఇచ్చింది. నేర్పింది కూడా ఆమే. ఎక్స్‌రేలు కడిగాక పారబోసే మందు ఉండేదిగా, అందులోనే కడుక్కునేదాన్ని. మా ఆయన తిట్టేవాడు, మళ్ళా ఆయనే చట్రానికి తగిలించేవాడు."

"మరి పెట్టె ఎట్టా పోయింది?"

లేతు మిషను ఆగింది. సుభానీ వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. "అమ్మీ, ఇంక చాలు. చెప్పబాక," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది.

జాన్‌బీ ఫొటో వదల్లేదు.

"కూలోళ్ళకు ఊరికే ఫొటోలు తీస్తున్నానని, తన గిరాకీ పోతందని జక్కయ్య ఫిర్యాదు ఇచ్చాడు. సర్కారు మందు దొంగిలించానని కేసు రాశారు. ఎస్సై వచ్చి కెమెరా, పెట్టె పట్టుకెళ్ళాడు. మా ఆయన ఉజ్జోగం తీసేశారు. నన్ను కూడా తీసుకుపోతారని ఎవరో చెపితే, ఈణ్ణి చంకనేసుకుని పారిపోయి ఈ ఊరొచ్చా. అప్పట్నుంచి కెమెరా జోలికి పోలా. నా పేరు కూడా బయట చెప్పుకోలా."

"ఆ ఎస్సై పేరు గుర్తుందా?"

"మర్చిపోతానా? శివరామయ్య."

మజీద్‌కు నిన్న స్టూడియోలో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. తీసిన మనిషి ఎవరో శివరామయ్యకు మొదటి నుంచీ తెలుసు. ఆమెను కనిపించకుండా చేసింది అతనే. పట్టుకెళ్ళిన పెట్టె ఏదో స్టేషను వేలంలో పాత ఇనుములోకి పోయుంటుంది. ఇప్పుడు ఆమె ఎవరో తెలియదని ఢిల్లీ బోర్డు ముందు ప్రమాణం చేయబోతున్నదీ అతనే. ఆమె ఇంగ్లీషు పేపరు చదవదు. చదివినా బయటికి రాదు. ఆ భయాన్ని నమ్ముకునే ఇంత నడిపాడు.

"ఖాలా, మీరొచ్చి ఇవి నేను తీశానని బోర్డుకు చెప్పాలి. మీ పేరుతో పుస్తకం వస్తుంది."

"చెబితే ఆ కేసు?" అన్నాడు సుభానీ. "అది కొట్టేశారో లేదో ఎవురికి తెలుసు?"

బయట జీపు ఆగింది.

యువకుడైన ఎస్సై ఒకడు, ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. వాళ్ళ వెనక శివరామయ్య. నేరుగా వసారాలోకి వచ్చి, ముసలామెను ఎగాదిగా చూసి నవ్వాడు.

"బాగున్నావా జాన్‌బీ? పాత కేసులు చావవమ్మా. ముద్దాయి పరారీలో ఉందని పక్కన పెట్టి ఉంచారంతే. ఎస్సైగారూ, వారంటు చదవండి."

ఎస్సై ఇబ్బందిగా గొంతు సవరించుకుని చదివాడు. "షేక్ జాన్‌బీ, భర్త మీరా సాహెబ్. ప్రాజెక్టు డిస్పెన్సరీకి చెందిన ఎక్స్‌రే మందులను దొంగతనంగా వాడుకుని, అనుమతి లేకుండా డ్యాం నిర్మాణాన్ని, అందు పనిచేయు కూలీలను పలుమార్లు ఫొటోలు తీసినట్లు..."

"చాలు," అని శివరామయ్య మంచం దగ్గరికి వంగాడు. గొంతు మెత్తబడింది. "ఇదుగో జాన్‌బీ, పెద్దదానివి. నిన్ను జైల్లో పెట్టించాలని నాకు మాత్రం ఉంటదా? ఒక్క మాట చెప్పు. నేను ఏ ఫొటోలూ తీయలేదు, నాకు కెమెరా పట్టటమే రాదు, అని చెప్పు. ఎస్సైగారు రాసుకుంటారు. పొరపాటున పెట్టిన కేసని నేనే సాక్ష్యం చెప్తా. నీ జోలికి ఇంకెవరూ రారు."

సుభానీ తల్లి భుజం పట్టుకున్నాడు. "అమ్మీ, చెప్పెయ్యే. తీయలేదని చెప్పెయ్. మనకెందుకు ఈ ఫొటోలు?"

మజీద్ ఆమె వయసు చూశాడు, కొడుకు భయం చూశాడు. తీయలేదని ఆమె అంటే ఆమెను తప్పుపట్టే హక్కు తనకు లేదనిపించింది. ఆ ఒక్క మాటతో పెట్టెడు నెగటివ్‌లూ ఎవరివీ కాకుండా పోతాయి. ఆడవాళ్ళ నవ్వుల మీదికి కత్తెర వస్తుంది.

జాన్‌బీ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఎస్సై వైపు తిరిగింది.

"ఆ ముక్క ఇంకోసారి చదువు నాయనా."

"ఏ ముక్కమ్మా?"

"చివర్లోది. ఎవరు తీశారని ఉంది?"

ఎస్సై కాగితం చూశాడు. ఈసారి నెమ్మదిగా చదివాడు. "షేక్ జాన్‌బీ... డ్యాం నిర్మాణాన్ని, అందు పనిచేయు కూలీలను పలుమార్లు ఫొటోలు తీసినట్లు..."

ఆమె ముఖం మీదికి మెల్లగా ఒక వెలుగు వచ్చింది. ఆ ఫొటోలు ఆమె తీసిందని ప్రపంచంలో ఎవరో ఒకరు పైకి చదవడం ఇవాళే మొదలు.

మజీద్‌కు అప్పుడు వెలిగింది. వారంటు పట్టుకుని వచ్చినవాడు శివరామయ్య. ఆమె మీద కేసు రాసినవాడూ శివరామయ్యే. ఆమె నేరస్థురాలైతే, ఫొటోలు ఆమెవే.

"నిజమే నాయనా," అంది జాన్‌బీ. "నేనే తీశా. అన్నీ నేనే తీశా. రాసుకో."

ఎస్సై జేబులోంచి పెన్ను తీశాడు.

"రాయబాకయ్యా!" శివరామయ్య గొంతు కీచుగా లేచింది. ఎస్సై చేయి పట్టుకోబోయాడు. "రాయబాక! అది ఏదో ముసలి మతితో వాగుతంది. ఏయ్, ఆ కాగితం ఇటివ్వు!"

ఎస్సై అతని చేతిని విదిలించుకుని, ఆశ్చర్యంగా చూశాడు. "మీరే కదండీ పట్టించారు?"

శివరామయ్య గోడకు జారగిలబడ్డాడు.

జాన్‌బీ మంచం దిగి నిలబడింది. మజీద్ భుజం కూడా అందదు. కానిస్టేబుళ్ళు ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చారు. కొడుకు వెక్కుతుంటే అతని చెంప తడిమింది. ఫొటో గుండెకు ఆనించుకుని, ఎక్కించడానికి తలుపు తీసి పట్టుకున్న ఎస్సై చేయి ఆసరా తీసుకుని, జీపెక్కి కూర్చుంది.

"కూలీలు అని ఊరికే రాస్తే ఎట్టా నాయనా?" అంది ఎస్సైతో. "పేర్లు చెప్తా, రాసుకో. ముందు, ఈ నవ్వేది సుబ్బులు."